మీకు తెలుసా? తాయెత్తులో ఇన్ని వింతలు!

పెన్సిలు తీసుకోండి. ఓ పాత కాగితం తీసుకోండి. మూడు వరుసల్లో తొమ్మిది గళ్లు గీయండి. పై వరుసలో 6, 1, 8 వేయండి. మధ్య వరుసలో 7, 5, 3. కింది వరుసలో 2, 9, 4. ఇప్పుడు అడ్డంగా కూడండి. నిలువుగా కూడండి. మూల నుంచి మూలకు కూడండి. ఎటు కూడినా 15! రాగిరేకు మీద చెక్కే సూర్య యంత్రం ఇదే!

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. దగ్గరికి రండి! ఇదే తొమ్మిది గళ్ల పట్టిక ముస్లింలు కట్టుకునే తావీజుల్లోనూ ఉంది! అంకెల బదులు అరబ్బీ అక్షరాలు రాస్తారు, అంతే తేడా. నాలుగు మూలల్లో ఉండే 2, 4, 6, 8 అంకెల అక్షరాలు రాస్తే చాలు, పట్టిక మొత్తం రాసినంత బలమని నమ్మకం! నెల్లూరు జిల్లా సంగం నుంచి పెన్న వెంట కిందికి పోతే జొన్నవాడ కామాక్షమ్మ గుడి. ఆత్మకూరు వైపు పోతే ఏఎస్ పేట దర్గా. ఈ దారిలో రెండు చోట్లా మొక్కుకునే ఇళ్లు ఎన్నో! రెండు మతాల రేకుల మీదా ఒకే లెక్క. అదే 15!

మరి మిగతా గ్రహాలకో? ప్రతి గడిలో ఒకటి పెంచండి. చంద్రుడి యంత్రం వచ్చేస్తుంది. మొత్తం 18! మళ్లీ ఒకటి పెంచండి. కుజుడు, 21! ఇలా మూడేసి పెరుగుతూ బుధుడు, గురువు, శుక్రుడు, శని, రాహువు దాటి కేతువు దగ్గరికి వచ్చేసరికి 39! తొమ్మిది గ్రహాలకూ తొమ్మిది పట్టికలు. ఒక్కటి గుర్తుంటే తొమ్మిదీ మీ చేతిలో ఉన్నట్టే! ఇంట్లో పిల్లలకు ఈ రోజే వేసి చూపించండి. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు!

ఇలాంటి పట్టికే వైద్య గ్రంథంలోకీ ఎక్కింది! క్రీ.శ. 900 ప్రాంతంలో వృందుడు అనే వైద్యుడు సిద్ధయోగం అనే పుస్తకం రాశాడు. పురిటినొప్పులు పడే తల్లికి కాన్పు తేలిక కావాలని అందులో ఓ పట్టిక చెప్పాడు. పై వరుస 16, 6, 8. మధ్య వరుస 2, 10, 18. కింది వరుస 12, 14, 4. కూడి చూడండి. ఎటు చూసినా 30! మందులు చెప్పే వైద్యుడే లెక్కల పట్టికా చెప్పాడు. ఆ రోజుల్లో పురుడంటే తల్లికి ప్రాణగండం. ఏ చిన్న ఆసరా దొరికినా ఆయన వదులుకోలేదు!

ఇంకా పెద్దది కావాలా? నాగార్జునుడి పేరు మీద కక్షపుటం అనే గ్రంథం ఉంది. అందులో పదహారు గళ్ల పట్టిక! మొదటి వరుస 30, 16, 18, 36. రెండో వరుస 10, 44, 22, 24. మూడోది 32, 14, 20, 34. చివరిది 28, 26, 40, 6. అడ్డం వంద, నిలువు వంద! సరిగ్గా 100! కాలిక్యులేటరు లేని కాలం అది, మరిచిపోకండి!

సౌందర్యలహరి ఇంట్లో చదువుతారు కదా? అందులో 100 శ్లోకాలు. ప్రతి శ్లోకానికీ ఓ యంత్రం ఉంది! ఏది రాగి మీద గీయాలో, ఏది బంగారం మీద గీయాలో, ఏ నైవేద్యం పెట్టాలో, ఎన్ని రోజులు జపించాలో అన్నీ సంప్రదాయంలో చెప్పి పెట్టారు. పాడుకునే స్తోత్రమే రక్షరేకుల పెట్టె కూడా అన్నమాట!

లోహమే అక్కర్లేదు, దారం చాలు! వరలక్ష్మీ వ్రతం నాడు చేతికి కట్టే తోరానికి ముడులెన్ని? 9! అనంత పద్మనాభ వ్రతం తోరానికి? 14! కేదారేశ్వర వ్రతానికి? 21! దారం దారమే, మనసులో మాట ముడిలో ఉంటుందని మన ఆడవాళ్ల నమ్మకం. పూజలో పెట్టి, ముడి ముడికీ పసుపు రాసి, అప్పుడు కడతారు.

సముద్రాలు దాటి ఈజిప్టుకు వెళ్లండి. అక్కడా ముడులే! సుమారు 3,500 ఏళ్ల నాటి ఓ పపైరస్ చుట్ట ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. తల్లినీ బిడ్డనూ కాపాడే మంత్రాలన్నీ అందులో ఉన్నాయి. పొద్దున ఒక ముడి వేయాలి. సాయంత్రం ఒక ముడి వేయాలి. అలా 7 ముడులు పూర్తి కావాలి. ఆ దారం బిడ్డ మెడలో పడాలి! మన నానమ్మ వాళ్ల నానమ్మను కలిసి ఉంటే ఇద్దరికీ మాటల అవసరం ఉండేది కాదు!

ఇప్పుడు చెప్పేది వింటే ఆశ్చర్యపోతారు. దయ్యాన్ని తరమడానికి దయ్యాన్నే మెడలో కట్టుకున్న జనం ఉన్నారు! ఇరాక్ ప్రాంతంలో పూర్వం లమష్టు అనే పిశాచి పసిబిడ్డలను ఎత్తుకుపోతుందని భయం. ఆ లమష్టుకు పజుజు అంటే హడల్! పజుజు ఎవరు? అదీ దుష్టశక్తే! కోరలు, రెక్కలు, పక్షి కాళ్లు. గర్భిణులు ఆ తలను చిన్న లాకెట్టుగా వేసుకునేవారు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో పజుజు కంచు బొమ్మ ఉంది. ఎత్తు 15 సెంటీమీటర్లు! మన ఊళ్లో కొత్త ఇల్లు కడుతుంటే పైన నాలుక చాపిన రాక్షసుడి దిష్టిబొమ్మ వేలాడదీస్తాం కదా. ఆలోచన అదే!

పసిబిడ్డలను పట్టే గ్రహాలు ఎన్ని? సుశ్రుత సంహిత లెక్క పెట్టి మరీ చెప్పింది. 9! స్కందుడు, శకుని, రేవతి, పూతన, నైగమేషుడు ఇలా అన్నిటికీ పేర్లున్నాయి. ఒక్కోదానికి లక్షణాలు వేరు, ధూపం వేరు, బలి వేరు. బిడ్డ ఒంటి మీద కట్టే మూలికలూ వేరే! భాగవతంలో పాలిచ్చి చంపబోయిన పూతన ఇక్కడ ఈ గ్రహాల పట్టికలో కనిపిస్తుంది!

రోమన్ల మగపిల్లలకూ తాయెత్తు ఉండేది! దాని పేరు బుల్లా. గుండ్రటి డొల్ల బిళ్ల. లోపల రక్ష పెట్టి మూసేవారు. మగబిడ్డకు పేరు పెట్టే రోజున, అంటే పుట్టిన 9వ రోజున వేసేవారు. మనకు బారసాల ఎలాగో వాళ్లకు అది అలాగ! కుర్రాడు పెద్దవాడయ్యాక దాన్ని తీసి ఇంటి దేవతల ముందు పెట్టేవాడు. డబ్బున్న ఇంట్లో బంగారు బిళ్ల, లేని ఇంట్లో తోలు బిళ్ల. తల్లి భయం మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకటే!

మన పొరుగున తమిళనాట ఇంకో ముచ్చట! విష్ణుమూర్తి ఆయుధాలు 5. శంఖం, చక్రం, గద, ఖడ్గం, ధనుస్సు. ఐదింటినీ బుల్లి బుల్లిగా చేసి పసివాడి మెడలో వేసేవారు. ఆ నగ సంగం కాలపు పురనానూరు కవితల్లోనే కనిపిస్తుంది! మెడలోంచి ఆ నగ ఇంకా తీయనే లేదు, అప్పుడే యుద్ధానికి వచ్చాడే అని ఓ కుర్ర పాండ్యరాజును చూసి కవి అబ్బురపడ్డాడు!

పులిగోరు లాకెట్టు వేసుకుంటున్నారా? ఆగండి! దయచేసి ఆగండి! వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. నిజమైన పులిగోరు దగ్గర ఉంటే కనీసం 3 ఏళ్ల జైలు! పెద్ద శిక్ష 7 ఏళ్లు! తాతగారు ఇచ్చారన్నా, బంగారం తొడిగించామన్నా చట్టం వినదు. పిల్లవాడికి ధైర్యం రావాలని ఒక పులిని చంపడం ఏ దేవుడికీ నచ్చదని నా గట్టి నమ్మకం. అడవిలో తిరిగే పులి పాదాల మీదే ఆ గోళ్లు ఉండనివ్వండి!

వసకొమ్ము చూశారా? ఘాటు వాసన! ముక్కలు చేసి, నల్లదారానికి గుచ్చి, పసిబిడ్డ చేతికి కడతారు. గాలి సోకదని, కడుపునొప్పి రాదని నమ్మకం. అరగదీసి నాలుకకు రాసే అలవాటూ ఉంది. జాగ్రత్త! వసను తినే పదార్థాల్లో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది! ఎలుకలకు పెట్టి చూస్తే అందులోని నూనె హాని చేసింది మరి. చేతికి కట్టినంతవరకు సరే, నోట్లోకి మాత్రం డాక్టరును అడగకుండా పోనివ్వకండి!

నెల్లూరు తీరం వాళ్లకు శంఖం కొత్త కాదు. దాన్ని తాయెత్తుగా కట్టుకోవాలని ఎవరు చెప్పారో తెలుసా? అథర్వవేదం! నాలుగో కాండ, 10వ సూక్తం. మొత్తం సూక్తం శంఖమణి కోసమే! సముద్రంలో పుట్టినదీ, రాక్షసులను తరిమేదీ, ఆయుష్షు పెంచేదీ అని దాన్ని పొగిడారు. దర్భకు వేరే సూక్తం ఉంది. మేడిచెట్టు మణికి వేరే. జంగిడం అనే మూలికకు వేరే. వేదంలో తాయెత్తులకు ఇంత చోటుంది!

పేడపురుగును చూస్తే మనం పక్కకు జరుగుతాం. ఈజిప్టు రాజులు దాన్ని గుండె మీద పెట్టుకున్నారు! పేడ ఉండను దొర్లించే ఆ పురుగులో వాళ్లకు సూర్యుణ్ని దొర్లించే దేవుడు కనిపించాడు. రాతితో పురుగు బొమ్మ చెక్కి శవం మీద ఉంచేవారు. చచ్చాక విచారణ జరుగుతుందని వాళ్ల నమ్మకం. అప్పుడు గుండె ఎదురు తిరిగి సాక్ష్యం చెప్పకుండా ఆ పురుగు కాస్తుందట! టుటన్‌ఖామున్ మమ్మీ కట్లు 1925లో హోవార్డ్ కార్టర్ బృందం విప్పింది. పొరపొరకూ నగలు, తాయెత్తులు! లెక్క పెడితే 143 వస్తువులు! పందొమ్మిదేళ్లు నిండాయో లేదో అన్నంత చిన్న రాజు. అతన్ని ఒంటరిగా పంపడానికి వాళ్లకు మనసొప్పలేదు!

రేకు చుట్టి, గొట్టంలో పెట్టి, లక్కతో మూసి కట్టే రక్షరేకు మన ఒక్కళ్లదే అనుకుంటున్నారా? జెరూసలేం వెళ్దాం. 1979లో గాబ్రియేల్ బార్కాయ్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ కేతెఫ్ హిన్నోమ్ అనే చోట పాత సమాధులు తవ్వించాడు. రెండు వెండి చుట్టలు దొరికాయి. ముట్టుకుంటే పొడి అయ్యేంత పెళుసు! విప్పడానికే మూడేళ్లు పట్టింది. చిన్న రేకు పొడవు 39 మిల్లీమీటర్లు, అగ్గిపుల్లంత! దాని మీద వెంట్రుకంత సన్నటి గీతలతో అక్షరాలు!

ఏం రాసి ఉందో తెలుసా? దేవుడు నిన్ను దీవించి కాపాడాలి అనే ఆశీర్వచనం! బైబిలులో ఇప్పటికీ ఉన్న మాటలే. ఆ రేకుల వయసు సుమారు 2,600 ఏళ్లు. బైబిలు మాటలు రాసి ఉన్న వస్తువుల్లో ప్రపంచంలో ఇంతకంటే పాతది దొరకలేదు! పెద్ద పెద్ద గ్రంథాలు చెదలు తిన్నాయి, మంటల్లో పోయాయి. ఎవరో మెడలో కట్టుకున్న తాయెత్తు మిగిలింది!

చైనా సంగతి ఇంకా వింత! 1944లో చెంగ్డూ నగరంలో ఓ పాత సమాధి బయటపడింది. శవం చేతికి వెండి కడియం. కడియం డొల్లగా ఉంది. లోపల మడిచి పెట్టిన పల్చటి కాగితం! విప్పితే అచ్చువేసిన బౌద్ధ రక్షామంత్రం. భాష? సంస్కృతం! మన దేశపు మంత్రం, చైనా కాగితం, వెండి కడియం. వెయ్యేళ్లకు పైగా ఆ చేతిని అంటిపెట్టుకునే ఉంది!

అచ్చు అనేది పుస్తకాల కోసం పుట్టిందనుకుంటాం కదా? జపాను రాణి షోతోకు ఏం చేసిందో చూడండి! చిన్న చిన్న చెక్క గోపురాలు చేయించింది. ఒక్కోదాని లోపల అచ్చువేసిన రక్షామంత్రం చుట్ట పెట్టించింది. ఎన్ని? 10 లక్షలు! క్రీ.శ. 764లో మొదలుపెడితే 770కి పని పూర్తయింది. హోర్యూజీ ఆలయంలో ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి. అచ్చులో ఇంత పాత కాగితాలు లోకంలో బహు అరుదు. చదవడానికి కాదు, కాపాడటానికి వేసిన అచ్చు అది!

ఇక మన నెల్లూరుకు వచ్చేద్దాం. స్వర్ణాల చెరువు గట్టున మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ. బారాషహీద్ దర్గాలో ఉన్నది 12 మంది అమరులు. పిల్లల కోసం ఓ రొట్టె, పెళ్లి కోసం ఓ రొట్టె, ఉద్యోగం కోసం ఓ రొట్టె! కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. తీరినవాళ్లు మరుసటి ఏడు రొట్టె తెచ్చి పంచుతారు. మెడలో కట్టుకునే రక్ష కాదు, కడుపులోకి పోయే రక్ష!

తాళిలో పగడం ఎందుకు గుచ్చుతారు? కుజదోషం పోతుందని మన పెద్దల మాట. ఈ పగడపు మోజు ఎంత పాతదో చూడండి! రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. ఆయన రాసి పెట్టాడు: రోమనులు భారతదేశపు ముత్యాల కోసం ఎంత పడిచస్తారో, భారతీయులు పగడాల కోసం అంత పడిచస్తారట! ఒంటి మీద పగడం ఉంటే ఆపద రాదని ఇక్కడి జోస్యులు చెబుతారట! ఎర్ర పగడం పెరిగేది వాళ్ల మధ్యధరా సముద్రంలో. వాళ్ల పగడం ఓడెక్కి మన మెడలోకి వచ్చింది. మన ముత్యం ఓడెక్కి వాళ్ల చెవికి పోయింది!

పగడంతో ఆగలేదు. బంగారం కూడా వచ్చింది! ఏటా 5 కోట్ల సెస్టర్షియస్ నాణేల విలువ భారతదేశానికి పోతోందని అదే ప్లినీ వాపోయాడు. ఆ బంగారం మన నేలలో ఎక్కడ తేలిందో తెలుసా? నెల్లూరు దగ్గరే!

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. నిదానంగా చెబుతాను. 1786 ప్రాంతం. నెల్లూరు దగ్గర ఓ రైతు రాళ్లగుట్ట పక్కన నాగలి దున్నుతున్నాడు. నాగలి ఇటుకలకు తగిలి ఆగింది. తవ్వాడు. చిన్న గుడి శిథిలం! దాని కింద చిన్న కుండ! కుండ నిండా బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల బొమ్మలు, రాణి ఫౌస్తీనా బొమ్మ. అవి రోము నుంచి వచ్చినవని పాపం ఆ రైతుకేం తెలుసు? పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు మూసలో కరిగిపోయాయి! చివరికి ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికి చిక్కినవి 30కి కాస్త పైన!

అప్పుడు మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్. ఆయనకు అందులోంచి 2 నాణేలు ఏరుకునే అవకాశం ఇచ్చారు. ఒక హేడ్రియన్, ఒక ఫౌస్తీనా తీసుకున్నాడు. ఆయనే ఈ కథ ఉత్తరంలో రాశాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్నేమో బాగా అరిగిపోయాయి. వాటికి చిల్లులు కూడా ఉన్నాయి! చేతికి కట్టుకున్నవీ, మెడలో వేలాడదీసుకున్నవీ అయి ఉంటాయని ఆయన అనుకున్నాడు.

ఒక్కసారి ఊహించండి! రోములో అచ్చయిన చక్రవర్తి ముఖం పెన్న ఒడ్డున ఎవరి మెడలోనో ఊగింది! ఎన్ని ఏళ్లు ఊగితే ఆ బొమ్మ అంత అరిగింది? తర్వాత దాన్ని గుడి కింద ఎవరు దాచారు? నాకైతే అది ఒట్టి నగ అనిపించదు. ఆ బంగారాన్ని గుడి నీడన దాచిన చేతికి దాని మీద ఏదో భక్తి ఉండే ఉంటుంది!

నాణేన్ని మెడలో వేసుకోవడం మనం మానలేదు! వెనిస్ నుంచి వచ్చిన బంగారు డ్యూకట్ నాణెం బరువు మూడున్నర గ్రాములు. దాని మీద ఓ సాధువు, ఆయన ముందు మోకరిల్లిన పాలకుడు. దక్షిణాదిన వాటిని చూసినవాళ్లు సీతారాములనుకున్నారు! మెడలో వేసుకుని దండం పెట్టుకున్నారు! ఆ తర్వాత ఇంగ్లీషు సవర్లు వచ్చాయి. బరువు 7.98 గ్రాములు. చాలా ఇళ్లలో కాసులపేరులో కాసులు అవే. ఈ రోజున తిరుమలలో శ్రీవారి బంగారు డాలరు కొంటున్నారు కదా, 2 గ్రాములది, 5 గ్రాములది, 10 గ్రాములది. వరుస తెగలేదు!

చివరిగా ఒక్కటి. ఇది అందరికీ చెప్పండి! నేలలో ఏదైనా నిధి దొరికితే ఏం చేయాలో చెప్పే చట్టం 1878 నుంచి ఉంది. దాని విలువ 10 రూపాయలు దాటితే చాలు, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి! దాచిపెడితే వాటా పోతుంది, జైలూ పడొచ్చు. చెబితే? ఎవరిదీ కాదని తేలి, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవారికి ముప్పావు వంతు, పొలం యజమానికి పావు వంతు! ప్రభుత్వానికి కావాలనుకుంటే లోహం విలువ మీద ఇంకో అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకుంటుంది.

కాబట్టి పెన్న ఒడ్డున పొలం దున్నే అన్నలారా, పునాది తవ్వే తమ్ముళ్లారా! చిల్లు పడిన నాణెం, చుట్టిన రేకు, పూస, బిళ్ల ఏది కనిపించినా బంగారం కొట్టుకు తీసుకెళ్లకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని తహసీల్దారు ద్వారా కలెక్టరుకు చెప్పండి. ఇంట్లో అమ్మమ్మ పెట్టెలో పాత రక్షరేకు ఉంటే కరిగించే ముందు అది ఎవరికి కట్టారో, ఎందుకు కట్టారో ఆమెను ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.